దృక్పథాల నడుమ తిరిగేవాళ్లు

నర్సీపట్నంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా కాసేపట్లో భూమి ధర మాటల్లోకి వస్తుంది. ఫలానా రోడ్డు పక్కన సెంటు ఎంత పలుకుతోంది, లేఅవుట్‌కి అప్రూవల్ ఉందా, పాస్‌బుక్కు ఎవరి పేరున ఉంది, ఆన్‌లైన్‌లో ఎక్కిందా లేదా. ఒకరు ధర మరీ ఎక్కువంటారు, ఇంకొకరు ఏడాది ఆగితే రెట్టింపవుతుందంటారు. వాదన ఎంత ముదిరినా కొన్ని ప్రశ్నలు మాత్రం ఎవరి నోటా రావు. అసలు నేలకి ధరేమిటి? దాన్ని ముక్కలు కోసి అమ్మడమేమిటి? ఆఫీసు బీరువాలో ఉన్న అడంగల్ కాగితానికి ఈ నేల ఎవరిదో ఎలా తెలుసు? పొరపాటున ఎవరైనా అడిగితే, ‘ఏటి బావా, పొద్దున్నే మొదలెట్టేసావా?’ అని నవ్వేస్తారు.

తత్వశాస్త్రంలో ‘ప్రపంచ దృక్పథం’ అనే భావన ఉంది. అదెక్కడ దొరుకుతుందో తెలియాలంటే ఆ నవ్వు దగ్గర వెతకాలి. సెంటు ధర ఎక్కువా తక్కువా అన్నది అభిప్రాయం. దాని మీద ఇద్దరూ పోట్లాడుకోవచ్చు, రేపు మార్చుకోవచ్చు. కానీ ఆ పోట్లాట సాగాలంటే ఇద్దరూ ముందే ఒప్పుకున్నవి చాలా ఉండాలి. నేల ఒక వస్తువు. దానికి ఒక యజమాని ఉంటాడు. కొలవొచ్చు, కొలిచినదాన్ని డబ్బుతో మార్చుకోవచ్చు. ఎవరిదన్న తగువు వస్తే కాగితం తేలుస్తుంది. చచ్చిపోయిన తాతలకీ, ఊరి దేవతకీ ఈ లావాదేవీలో సంతకం అక్కర్లేదు. వీటిని ఎవరూ బళ్లో చదువుకోలేదు, ఎవరూ నిరూపించి చూపలేదు. అభిప్రాయాలు నిలబడే నేల అది. ప్రపంచంలో ఏమేమి ఉన్నాయి, వాటిలో దేనికి విలువ, నిజం ఎలా తెలుస్తుంది, మనిషి ఎలా బతకాలి అన్న వాటికి మనం అడగకుండానే ఇచ్చేసుకున్న జవాబుల మొత్తాన్ని ప్రపంచ దృక్పథం అంటారు.

ఊరు దాటి కొయ్యూరు వైపో, లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వైపో వెళ్తే, టీ కొట్టు దగ్గరి ప్రశ్న చెల్లదు. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. దాన్నే అందరూ 1/70 చట్టం అంటారు. దాని ప్రకారం అక్కడ గిరిజనేతరుడు భూమి కొనడానికి లేదు. ఇంకా విశేషం ఏమిటంటే, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా, కాదని రుజువయ్యేదాకా, ఒకప్పుడు గిరిజనుడిదే అయి ఉంటుందని చట్టం ముందుగానే అనుకుంటుంది. కింద కాగితం ఉన్నవాడిది భూమి. పైన కాగితం ఉన్నవాడే తనకెలా వచ్చిందో చెప్పుకోవాలి. ఒకే రాష్ట్రం, ఒకే రెవెన్యూ శాఖ. గంట ప్రయాణంలో ‘నేల అంటే ఏమిటి’ అన్నదానికి ప్రభుత్వమే రెండు జవాబులు చెబుతోంది.

ఈ రెండో జవాబు వెనక వందేళ్లకు పైబడిన గొడవ ఉంది. దాన్ని దగ్గరగా చూస్తే తత్వవేత్తలు చెప్పిన సంగతి పుస్తకం కన్నా తేలిగ్గా అర్థమవుతుంది.

పోడు సంగతే తీసుకోండి. వేసవిలో కొండవాలు మీద కొంత మేర చెట్టూ చేమా నరికి ఎండబెడతారు. వానలకు ముందు కాలుస్తారు. పెద్ద మానులు, పనికొచ్చే చింత, విప్ప, మామిడి వదిలేస్తారు. ఆ బూడిద మీదే, నాగలి పట్టకుండా, చోళ్లు, సామలు, కొర్రలు, కందులు కలగలిపి వేస్తారు. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది. రెండు మూడేళ్లకు నేల సత్తువ తగ్గితే ఆ చోటు వదిలి ఇంకో వాలుకి పోతారు. వదిలిన చోట అడవి మళ్లీ లేస్తుంది. తగినన్ని ఏళ్లకు మళ్లీ అక్కడికే వస్తారు. ఈ పద్ధతిలో ‘నా పొలం’ అనే మాటకు కింద మనం అనుకునే అర్థం కుదరదు. ఈ ఏడు ఎవరు ఎక్కడ కొట్టుకోవాలన్నది ఊరు కూర్చుని తేల్చుకునే విషయం. కొండకు సొంతదారు ఎవరని అడిగితే దేవత పేరు చెప్పినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు 1882కి వద్దాం. ఆ ఏడు మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిలో కొంత భాగాన్ని రిజర్వు చేసి, హద్దుల వెంట రాళ్లు పేర్చి, లోపలికి వెళ్లడాన్నీ కొట్టడాన్నీ కాల్చడాన్నీ నేరం చేశారు. ఆ అధికారులంతా దుర్మార్గులని అనుకోనక్కర్లేదు. వాళ్లకు అడవి అంటే కలప నిల్వ. రైలు పట్టాల కింద వేసే దుంగలు కావాలి, ఓడలకూ కట్టడాలకూ మాను కావాలి, ఖజానాకు ఆదాయం కావాలి. వందేళ్ల తర్వాత కూడా కలప ఉండాలంటే ఇప్పుడు కాపాడాలి. ఆ లెక్కలోంచి చూస్తే వాలు మీద లేచే పొగ అచ్చంగా నష్టం. పోడు కొట్టేవాడు తెలివితక్కువవాడు, లేదా దొంగ. అదే పొగ కొండ మీద ఉన్నవాడికి కొత్త పంటకు మొదలు. పొగ ఇద్దరికీ కనిపించింది. చూపులో లోపం ఎవరికీ లేదు. దూరం నుంచి చూసినా దగ్గర నుంచి చూసినా, ఇంకా ఎక్కువ సమాచారం ఇచ్చినా, ఆ తేడా పోదు. అభిప్రాయ భేదానికీ దృక్పథ భేదానికీ తేడా పట్టుకోవాలంటే ఇదొక దారి. సమాచారంతో తీరేది మొదటిది. ఏది సమాచారం, ఏది కాదు అన్న దగ్గరే విడిపోయేది రెండోది.

ఈ భావనకు పేరు పెట్టింది జర్మన్లు. 1790లో ఇమాన్యుయేల్ కాంట్ ఒక పుస్తకంలో, దాదాపు దారినపోతూ, ‘వెల్ట్ఆన్‌షావుంగ్’ అన్న మాట వాడాడు. ఆయన ఉద్దేశం ఇంద్రియాలకు అందే ప్రపంచాన్ని మనసు ఒక్క మొత్తంగా పట్టుకోవడమే, అంతకు మించి కాదు. తర్వాతి తరాలు ఆ మాటను సాగదీశాయి. దాన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టినవాడు విల్హెల్మ్ డిల్తై. ఆయన 1833లో పుట్టి 1911లో పోయాడు. ఆయన పట్టుకున్న సమస్య చాలా మామూలుది. రెండు వేల ఏళ్లుగా గొప్ప బుర్రలన్నీ ఆలోచిస్తున్నాయి, ఒక్కొక్కరూ తమదే సత్యమంటున్నారు, ఒకరి వాదనతో ఇంకొకరు ఓడిపోయి దుకాణం కట్టేసిన దాఖలా లేదు. ఎందుకని?

డిల్తై జవాబు ఇది. ఈ సిద్ధాంతాలు పుట్టింది తర్కంలోంచి కాదు, బతుకులోంచి. పుట్టుక, చావు, ఆకలి, పక్కవాడి ద్రోహం, పంట చేతికి రావడం, రాకపోవడం, వీటన్నిటితో మనిషి వేగుతూ లోకం ఇలాంటిది అని ఒక అంచనాకు వస్తాడు. దాని మీద ఇది మంచి, ఇది చెడు అనే తూకం లేస్తుంది. ఆ తూకం మీద ఇలా నడుచుకోవాలన్న నియమం నిలుస్తుంది. బొమ్మ, విలువ, నడత, మూడూ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. అందుకే పోడు మీద నిషేధం కొండవాళ్లకు ఒక వ్యవసాయ పద్ధతి మీద ఆంక్షలా తోచలేదు. నరకొద్దు అనడంతో నడత ఒక్కటే ఆగలేదు. దేవతకు చెల్లించాల్సింది ఆగింది, ఊరు కూర్చుని తేల్చుకునే హక్కు పోయింది, అసలు కొండ ఎవరిది అన్న బొమ్మే తిరగబడింది. ఒక దారం లాగితే బట్ట మొత్తం వచ్చింది.

దృక్పథాలను డిల్తై మూడు రకాలుగా చూశాడు. మనిషి ప్రకృతిలో ఒక ముక్క, తక్కినవన్నీ దాని నియమాలే అనేది ఒకటి. మనిషిలోని సంకల్పం ప్రకృతికి లొంగదు, అది స్వతంత్రం అనేది రెండోది. ఈ మొత్తం ఒకే ప్రాణం, అందులో మనమూ ఒక అల అనేది మూడోది. మనకు ఈ వర్గీకరణ కొత్తగా అనిపించదు. చార్వాకుడూ, కర్తవ్యం అంటూ నిలబడే మీమాంసకుడూ, అంతా ఒక్కటే అనే అద్వైతీ మనకు పాత చుట్టాలు. 14వ శతాబ్దంలో, విజయనగర కాలంలో, మాధవుడు సర్వదర్శన సంగ్రహం రాసి అప్పటి దర్శనాలను ఒక్కచోట చేర్చాడు. కానీ ఆయన చార్వాకంతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి ఎక్కించాడు. కింది మెట్టును పై మెట్టు ఖండిస్తుంది, చివరి మెట్టు తనది. డిల్తై నిచ్చెన వేయనన్నాడు. మూడూ సమాన స్థాయిలోనివే, ఏదీ ఇంకోదాన్ని కొట్టేయలేదు, ఏదీ లోకం మొత్తాన్ని పట్టలేదు అన్నాడు. చెప్పడం తేలికే గానీ ఆ మాట ఆయన్ని బాగా వేధించింది.

ఎంత వేధించిందో ఆయనే చెప్పుకున్నాడు. 1903లో తన 70వ పుట్టినరోజు సభలో ఆయన ఒక కల గురించి మాట్లాడాడు. ఒక మిత్రుడి కోటలో పడుకున్నాడట. మంచం పైన గోడకు రాఫేల్ వేసిన ‘ఏథెన్స్ పాఠశాల’ చిత్రానికి నకలు వేలాడుతోంది. ప్లేటో, అరిస్టాటిల్ మొదలైన తత్వవేత్తలంతా ఒకే మండపం కింద కూడి ఉన్న బొమ్మ అది. కలలో ఆ బొమ్మలకు ప్రాణం వచ్చింది. తర్వాతి శతాబ్దాల వాళ్లు కూడా వచ్చి చేరారు. చూస్తుండగానే గుంపు మూడుగా చీలిపోయింది. ప్రకృతిని లెక్కగట్టేవాళ్లు ఒక పక్క, స్వేచ్ఛను నమ్మేవాళ్లు ఒక పక్క, సమస్తాన్నీ ఒక్కటిగా చూసేవాళ్లు ఒక పక్క. కొందరు ఆ గుంపుల మధ్య అటూ ఇటూ పరుగెత్తి కలపబోయారు గానీ ఫలించలేదు. గుంపుల మధ్య దూరం పెరుగుతూనే పోయింది. లోకం చీలినట్టు తనలో తానే చీలిపోయిన బెంగతో ఆయన నలిగిపోయాడు.

ఈ కల గురించి రాసేవాళ్లు మూడు గుంపుల గురించే రాస్తారు. నాకు మాత్రం మధ్యలో పరుగెత్తినవాళ్ల మీదే మనసు పోతుంది. డిల్తై వాళ్లకు ఒక వాక్యం ఇచ్చి వదిలేశాడు. నర్సీపట్నం లాంటి ఊరి నుంచి చూస్తే కథ అంతా వాళ్లదే.

అల్లూరి సీతారామరాజు సంగతి చూడండి. మైదానంలో క్షత్రియ కుటుంబంలో పుట్టాడు. 1917లో సన్యాసి వేషంలో కృష్ణదేవిపేట చేరాడు. జపం, తపస్సు, జ్యోతిషం, మందూ మాకూ, ఇవి ఒక లోకం. సహాయ నిరాకరణ కాలంలో మన్యంలో మద్యం మానమన్నాడు, సర్కారు కోర్టులకు పోవద్దు, పంచాయితీల్లో తేల్చుకోండన్నాడు. ఇది గాంధీ లోకం. ఆ తర్వాత తుపాకి పట్టాడు. అది గాంధీ లోకం కాదు. ఇక ఆయన వెంట నడిచినవాళ్ల కష్టాలు ఇంకో లోకానివి. పోడు మీద ఆంక్షలు, చేయి జారుతున్న ముఠాదారుల (కొండ ఊళ్ల శిస్తు పెత్తందార్ల) పాత హక్కులు, నర్సీపట్నం వైపు నుంచి కొండల్లోకి వేస్తున్న రోడ్డుకు కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్న గూడెం తహసీల్దారు బాస్టియన్. ఈ ముక్కలేవీ ఒకే దృక్పథంలో అమరవు. ఆ మనిషిలో మాత్రం అమరాయి.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద రాజు దళం దాడి చేసింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పోయాయి. తీసుకున్నవాటికి స్టేషన్ రికార్డులోనే లెక్క రాసి సంతకం చేసి వెళ్లాడని చెబుతారు. నాకు ఆ లెక్క దగ్గర ఆగాలనిపిస్తుంది. సర్కారుని కాదన్నవాడు సర్కారు పుస్తకంలో, సర్కారు పద్ధతిలో పద్దు రాశాడు. ఎదుటివాడి లోకంలో ఏది సాక్ష్యమో తెలిసినవాడు, ఆ సాక్ష్యాన్ని వాళ్ల చేతికే ఇచ్చాడు. అదే మనిషిని తూటాలు తాకవని మన్యంలో గట్టి నమ్మకం. అధికారుల కాగితాల్లో ఇది మూఢనమ్మకం. కానీ ఆ ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు రాజు దళం చేతిలో చనిపోయాక, నమ్మినవాళ్లకు అది కళ్లెదుట జరిగిన రుజువు. ఏది రుజువు అన్నది కూడా దృక్పథంలో భాగమేనని ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తోచడం లేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

గాం మల్లుదొర దారి ఇంకా దూరం పోయింది. రాజు దళంలో ముఖ్యుడు, అదే దళంలోని గాం గంటందొరకు సోదరుడు. పట్టుబడి, యావజ్జీవ శిక్ష పడి అండమాన్ జైలు చూశాడు. 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి గెలిచి ఢిల్లీ వెళ్లాడు. పితూరీలో, అంటే తిరుగుబాటులో, నిలబడినవాడు పార్లమెంటులో కూర్చున్నాడు. దృక్పథాలు తలుపులు బిగించిన గదులైతే ఈ ప్రయాణం కుదిరేది కాదు.

ఇక్కడ ఇంకో పొరపాటు కాచుకుని ఉంటుంది. కొండవాళ్లది ప్రకృతిని పూజించే దృక్పథం, మైదానంవాళ్లది డబ్బు దృక్పథం అని రెండు ముక్కల్లో తేల్చేయడం. సినిమాకి బాగుంటుంది గానీ సంతకు వచ్చి చూస్తే నిలబడదు. పసుపు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు తెచ్చి అమ్మేవాళ్లకు తూకంలో మోసం ఎక్కడ జరుగుతుందో షావుకారు కన్నా బాగా తెలుసు. కాఫీ ధర ఎప్పుడు పెరుగుతుందో, గిరిజన సహకార సంస్థ ఎంత ఇస్తోందో, బయటి వ్యాపారి ఎంత ఇస్తున్నాడో బేరీజు వేసుకుంటారు. మరి ఆ మనిషే ఇంటికి వెళ్లి, చెట్టు నిండా కాయలున్నా ‘మామిడి కొత్త’ పండుగ చేయందే ఒక్క కాయ నోట పెట్టడు. తొలి పంట దేవతకు చూపకుండా తినడం తప్పు. దీనికి చదువుకున్నవాళ్లు ఒక వివరణ ఇస్తారు. కాయ ముదరకుండా కోయకుండా, టెంకలు మొలకెత్తేలా పూర్వీకులు పెట్టిన కట్టుబాటట. కావచ్చు. కానీ ఆ పండుగ చేసేవాడు ఆ లెక్కతో చేయడం లేదు. పైనుంచి మనం అంటించిన కారణం వేరు, లోపలి నుంచి అది కనిపించే తీరు వేరు. అంతమాత్రాన మనం నవ్వడానికి లేదు. మన అనకాపల్లి నూకాలమ్మ కొత్త అమావాస్య జాతరా, ఉగాది పచ్చడిలో మొదటిసారి పడే మామిడి ముక్కా ఆ వరసలోవే. కాకపోతే మనం దాన్ని దృక్పథం అనం, అలవాటు అంటాం.

తత్వవేత్త లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ 1951లో చనిపోయే రెండు రోజుల ముందు దాకా, దేన్నీ అనుమానించకుండా ఉండడం గురించే నోట్సు రాస్తూ పోయాడు. 1969లో అవి పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన నది పోలిక తెచ్చాడు. మన తాండవ నదిని అనుకోండి. నీళ్లు రోజూ కదులుతాయి, అవి మన అభిప్రాయాలు. నీళ్లను నడిపించే ఒడ్డూ అడుగూ కదలవు, అవి మనం అడగని నమ్మకాలు. కానీ అడుగులో ఉన్నది కూడా ఒకే రకం కాదు. కొంత గట్టి రాయి, కొంత ఇసుక. వరదకు ఇసుక కొట్టుకుపోతుంది, ఇంకోచోట మేట వేస్తుంది. ఒకప్పుడు నీటిలో తేలినది రేపు అడుగున గట్టిపడొచ్చు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నది ఒకప్పుడు తల పోయే వాదన, ఇప్పుడు మూడో తరగతి పిల్లవాడి అడుగున రాయి. డిల్తై మూడు రకాలకు లేని కదలిక ఈ పోలికలో ఉంది.

అడుగు మారడం ఎలా ఉంటుందో చూడాలంటే అనకాపల్లి పక్కన శంకరం దగ్గరున్న బొజ్జన్నకొండకు వెళ్లాలి. రాతిలో తొలిచిన గుహలు, రాతినే మలిచిన స్తూపాలు, పక్కన లింగాలకొండ నిండా చిన్నా పెద్దా స్తూపాల వరస. భిక్షువులు అక్కడ ఉన్నప్పుడు ఆ రాయి ధ్యానానికి ఆనవాలు. వాళ్లు పోయాక, వాళ్ల జ్ఞాపకం కూడా పోయాక, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అక్కడి బొజ్జ ఆకారం రాక్షసుడైంది. కనుమ నాడు తీర్థానికి వచ్చి దాని మీద రాళ్లు వేసేవారు. వారసత్వ కట్టడాల సంస్థలు పట్టుబట్టి చెప్పాక అది ఆగింది. 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపినప్పటి నుంచి అదే రాయి పురావస్తువు. రాళ్లు వేసినవాళ్లను తిట్టడం సులువు. వాళ్లు చెడును కొడుతున్నామనే అనుకున్నారు, పుణ్యమనే చేశారు. ఇందులో ఒక చమత్కారం కూడా ఉంది. దృక్పథాలను జాబితా కట్టిన తొలి ప్రయత్నాల్లో ఒకటి బౌద్ధులదే. దీఘ నికాయంలోని బ్రహ్మజాల సుత్తం, లోకం శాశ్వతమా కాదా, ఆత్మ మిగులుతుందా లేదా వంటి 62 దృష్టులను ఏకరువు పెడుతుంది. డిల్తైలాగా వాటి మధ్య నలిగిపోలేదు. వీటిని పట్టుకుని వేలాడే తాపత్రయం ఎక్కడ నుంచి వస్తోందో చూడమంది.

జర్మన్ తత్వవేత్త మార్టిన్ హైడెగ్గర్ 1938లో అసలు ఈ భావననే ఇంకో వైపు నుంచి కొట్టాడు. ప్రతి కాలానికీ ప్రతి జాతికీ ఒక ప్రపంచ దృక్పథం ఉంటుందని అనుకోవడమే తప్పన్నాడు. ప్రపంచాన్ని తన ముందు ఒక బొమ్మలా నిలబెట్టుకుని, తాను దాని బయట నిలబడి చూడడం ఆధునిక మనిషి పని. గ్రీకులు అలా నిలబడలేదు, మధ్యయుగాల క్రైస్తవులు నిలబడలేదు. ఈ మాట వినగానే నాకు అటవీ సర్వే గుర్తుకొస్తుంది. గొలుసు పట్టుకుని కొండ ఎక్కి, గీతలు గీసి, రంగులు వేసి, ఇది రిజర్వు, ఇది కాదు అని బల్ల మీద పరిచినవాడికి ప్రపంచం నిజంగానే బొమ్మ. వాలు మీద గింజలు వేసేవాడికి బయట నిలబడే చోటే లేదు. మరి అతనికి ‘దృక్పథం’ ఉందని అంటున్నదెవరు? కింద టౌన్‌లో కూర్చుని రాస్తున్న మనమే. ఈ అభ్యంతరాన్ని పూర్తిగా తోసేయలేం. అయినా ఆ మాట వాడక తప్పదనే అనుకుంటాను. ఎందుకంటే రిజర్వు గీత వచ్చిన రోజు నుంచి కొండ మీది మనిషి కూడా తన బతుకును వివరించి చెప్పుకోవాల్సి వచ్చింది. ముఠాదారు అర్జీలో, కోర్టు వాంగ్మూలంలో, పితూరీలో. హైడెగ్గర్ ఏమన్నా, బయట నిలబడే చోటు అతనికి బలవంతంగా అంటగట్టారు.

అమెరికన్ తత్వవేత్త డొనాల్డ్ డేవిడ్‌సన్ 1974లో రాసిన వ్యాసం దీనికి నేరుగా సమాధానం కాదు గానీ మన ఊరికి బాగా పనికొస్తుంది. ఒకరికొకరు ఎప్పటికీ అర్థం కాని లోకాల్లో బతుకుతున్నారనే మాట నిలవదని ఆయన వాదించాడు. ఎదుటివాడి లోకం నాకన్నా పూర్తిగా వేరు అని చెప్పాలన్నా, ఎక్కడ వేరో నాకు అర్థమై ఉండాలి. అది అర్థం కావాలంటే మిగతా చాలా సంగతుల్లో ఇద్దరం ఏకీభవించి ఉండాలి. పోడు మీద అటవీ అధికారికీ ఊరి పెద్దకీ పడలేదంటే, వాన అంటే ఏమిటి, చెట్టు అంటే ఏమిటి, నిన్న అన్నమాట ఇవాళ తప్పకూడదు అన్నవాటిలో వాళ్లు ముందే కలిశారు. కలవకపోతే గొడవ కూడా పడలేరు.

చింతపల్లి బాక్సైట్ గొడవలో ఇది కళ్లకు కట్టింది. 2015లో జెర్రెల ప్రాంతంలోని 1,212 హెక్టార్ల రిజర్వు అడవిని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు తవ్వకాల కోసం ఇస్తూ జీవో 97 వచ్చింది. ఏజెన్సీ అట్టుడికింది. చివరికి 2019లో రద్దయింది. కొండ దేవతది అన్నవాళ్లు ఉన్నారు. వాగులు ఎండిపోతాయి, కాఫీ తోటలు పోతాయి అన్నవాళ్లూ ఉన్నారు, చాలాసార్లు వాళ్లే వీళ్లు. కొండ నెత్తిన పరుచుకున్న బాక్సైట్ పొర వాన నీటిని పట్టి ఉంచి ఏడాది పొడవునా ఊటలుగా వదులుతుందని పర్యావరణవేత్తలు వాదించారు. దేవత కొండ మీదుంది కాబట్టి నీళ్లు వస్తున్నాయి అనేవాడూ, పొర ఉంది కాబట్టి వస్తున్నాయి అనేవాడూ ఒకే సభలో ఒకే డిమాండ్ మీద చేతులెత్తారు. కారణాలు వేరు లోకాలవి. ఊట మాత్రం ఒక్కటే.

సరిహద్దు అవతల ఒడిశాలోని నియమగిరిలో ఇలాంటి బాక్సైట్ తవ్వకం సంగతే కోర్టు దాకా వెళ్లింది. అక్కడి డోంగ్రియా కోందులకు ఆ కొండ నియమరాజు నివాసం. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ కొండ మీద వాళ్ల మతపరమైన హక్కుల్ని కూడా గ్రామసభలే పరిశీలించి చెప్పాలంది. 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. దేవుడు కొండలో ఉన్నాడా అని తేల్చడానికి కోర్టు పూనుకోలేదు. ఉన్నాడని బతుకుతున్నవాళ్ల మాటకు చట్టంలో ఎంత బరువు అన్నదే తేల్చింది. రెండు దృక్పథాల్లో ఏది నిజం అని అడగకుండానే వాటి మధ్య న్యాయం చెప్పడం సాధ్యమేనని, ఒక్కసారికైనా, జరిగి చూపించింది.

మరి మన దృక్పథం మనకెలా కనబడుతుంది? ‘నేను ఏమేమి నమ్ముతున్నాను’ అని కూర్చుని రాసుకుంటే దొరకదు. రాసుకోగలిగినవన్నీ చాలావరకు అభిప్రాయాలే. మనకు ఏ ప్రశ్న వింటే చిరాకో నవ్వో వస్తుంది, ఏది ‘చెప్పాలా ఏంటి, తెలిసిందేగా’ అనిపిస్తుంది, ఏ విషయంలో పిల్లవాడు ‘ఎందుకు’ అని మూడోసారి అడిగితే ‘నోర్ముయ్’ అంటాం, అక్కడ గీత గీసుకోవాలి. పెళ్లి ఖర్చు గురించి ఎంతైనా వాదిస్తాం, పెళ్లి అసలెందుకు అంటే కోపమొస్తుంది. కార్పొరేట్ కాలేజీ ఏది మంచిదో గంటలు మాట్లాడతాం, ర్యాంకు ఎందుకు అంటే మనిషికేదో అయిందనుకుంటాం. గుర్తించినంత మాత్రాన వదిలేయాలని కాదు. చాలావాటిని వదిలేస్తే రోజు గడవదు. విట్‌గెన్‌స్టైన్ కూడా అన్నిటినీ అనుమానించమనలేదు, అనుమానించడానికైనా కాలు ఆనే చోటు కావాలన్నాడు.

2006 అటవీ హక్కుల చట్టం కింద వేసే దరఖాస్తులో ఇదంతా ఒక్క కాగితం మీద కనిపిస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి ఆ నేల తన సాగులో ఉందని గిరిజనుడు చూపాలి. దేనితో? ప్రభుత్వ రికార్డులు చెల్లుతాయి, ఉపగ్రహ చిత్రాలు చెల్లుతాయి. అంతవరకు మనం ఊహించేదే. నిబంధనల జాబితా అక్కడ ఆగదు. పాత బావులు, శ్మశానాలు, దేవతా స్థలాలు కూడా సాక్ష్యమే. దరఖాస్తుదారు కాకుండా ఊళ్లోని పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అదీ సాక్ష్యమే. ‘మా తాతను ఆ చింతచెట్టు కింద పెట్టాం’ అన్న మాట, ఉపగ్రహం తీసిన ఫొటో, రెండూ ఒకే ఫైల్లో పక్కపక్కన కూర్చుంటాయి. పైకి వెళ్లాక కమిటీలో ఎవరో ఒకరు ఫొటో చూసి మాటను పక్కన పెట్టేయొచ్చు, అలాంటి తిరస్కరణల మీదే ఏజెన్సీలో చాలా అర్జీలు తిరుగుతున్నాయి. అందుకే గ్రామసభలో పెద్దాయన చెబుతుంటే రాసుకునే కుర్రవాడి పని తేలికైనది కాదు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఉండాలి, ఆఫీసు వాళ్లకు సాక్ష్యంలా కనిపించాలి. చింతచెట్టు ఏ వైపుందో, ఎన్నేళ్లదో మళ్లీ అడిగి రాసుకుంటాడు.